నవ్వని ముఖాలు

ఆ వసంతకాలంలో చాలా వారాలపాటు మా అత్తగారు కన్నకొడుకుతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, భోజనానికి ఒకే బల్ల. కొడుక్కి ఇష్టమైనవే వండేది, తనే వడ్డించేది. మాట మాత్రం లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే, అతను ఎదురుగా కూర్చుని ఉండగానే మనవరాలి వైపు తిరిగి, "మీ నాన్నని అడుగు, ఇంకో ముక్క రొట్టె కావాలేమో" అనేది. తొమ్మిదేళ్ళ మా కెజయా నిజంగానే తండ్రి వైపు తిరిగి అడిగేది. అతను "చాలని చెప్పు" అనేవాడు.

బయటివాళ్ళకి ఇది చెబితే నవ్వుతారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని హాలోవే అనే చిన్న ఊరు. నేను ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పేదాన్ని. ఏ ఏటికి ఆ ఏడు పొడిగించే ఉద్యోగం. నా భర్త లెమ్యూల్ అదే బడిలో వైస్ ప్రిన్సిపాల్. ప్రిన్సిపాల్ మిసెస్ ప్రూయిట్ ఆ జూన్‌లో రిటైరు కాబోతోంది. ఆ కుర్చీ లెమ్యూల్‌దేనని ఊరంతా అనుకుంటోంది. అప్పటిదాకా ఆ కుర్చీలో నల్లవాళ్ళెవరూ కూర్చోలేదు.

ఫిబ్రవరి మా నల్లవాళ్ళ చరిత్ర నెల. ఏటా ఆ నెలలో ఏదో కంపెనీ అచ్చేసిన పోస్టర్లు నాలుగు గోడకి అంటించి, నెల కాగానే పీకి బీరువా మీద పడేసేవాళ్ళం. ఆ ఏడు నాకు మనసొప్పలేదు. నా గదికి కావలసిన బొమ్మలు నేనే వేస్తానన్నాను. పిల్లలు తలెత్తి చూసేటంత పెద్దవి, అన్నీ నల్లజాతి స్త్రీలవి. జనవరి అంతా మా వంటింటి బల్ల మీదే వేశాను. విమానం నడపడం నేర్పడానికి ఈ దేశంలో ఒక్క బడీ ఒప్పుకోకపోతే ఫ్రాన్స్ వెళ్ళి నేర్చుకొచ్చిన బెస్సీ కోల్‌మన్, తోలు టోపీతో. అంతరిక్షంలోకి వెళ్ళిన మే జెమిసన్. ఆడపిల్లలకి బడి పెట్టిన మేరీ బెథూన్. మనవాళ్ళని చెట్లకి వేలాడదీసిన సంగతి భయపడకుండా అచ్చులో పెట్టిన ఐడా వెల్స్. ఓటు హక్కు కోసం తిరిగినందుకు మిసిసిపీ జైల్లో దెబ్బలు తిన్న ఫానీ లూ హేమర్. ఇంకా కొందరు.

చివరి బొమ్మ మనిషి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె మా అత్తగారు ఎర్లీన్.

తెల్లవాళ్ళకి మాత్రమే అయిన హాలోవే హైస్కూల్లోకి మొదటిసారి మనవాళ్ళని రానిచ్చిన ఏడాది, లోపలికి నడిచిన కొద్దిమందిలో ఆవిడ ఒకతె. అప్పుడు పదిహేనేళ్ళు. ఊరి గ్రంథాలయంలో ఆనాటి దినపత్రికలో ఫోటో దొరికింది. బడి మెట్ల మీద, పుస్తకాలు గుండెకి ఆనించుకుని, పెదాలు బిగించి, కెమెరా వైపు సూటిగా చూస్తున్న పిల్ల. ఆ ఏడాది గురించి ఆవిడ మా ఎవరికీ ఏమీ చెప్పలేదు. లెమ్యూల్ చిన్నప్పుడు అడిగితే "వెళ్ళాను, చదువుకున్నాను, వచ్చాను" అనేదట. అంతే.

ఒక సాయంత్రం ఆకుకూర తరగడానికి వంటింట్లోకి వచ్చి, బల్ల మీద తనని తాను చూసుకుంది.

"ఎవరినడిగి వేశావు దీన్ని?"

"అడుగుదామనే అనుకుంటున్నాను అత్తయ్యా."

"వేసేశాక అడగడమేంటి? నేనేమన్నా పోయానా, అప్పుడే గోడకెక్కించడానికి?"

"ఆ జెమిసన్ గారు కూడా బతికే ఉన్నారు."

"ఆవిడ ఆకాశంలోకి వెళ్ళింది. నేను రైలు పట్టాలు దాటి బడికి వెళ్ళాను."

"ఆ రోజుల్లో ఏది దూరం అత్తయ్యా?"

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితాన్ని దీపం కిందకి జరుపుకుని చాలాసేపు చూసింది.

"నోరు సరిగ్గా వచ్చింది" అంది చివరికి. "ఒక్క నెలే. తర్వాత ఇంటికి తెచ్చెయ్యి. నేను నాలుగు రోడ్ల మీద బోర్డుని కాదు."

బొమ్మలు గోడకెక్కాక పిల్లలు గంట కొట్టకముందే నా గదికి రావడం మొదలుపెట్టారు. తలో బొమ్మ ముందు నిలబడేవాళ్ళు. మా కెజయా చదివే నాలుగో తరగతిలో వేడ్ అని ఒక తెల్లబ్బాయి ఉండేవాడు, నోరు ఊరుకోని రకం. హేమర్ బొమ్మ ముందు నిలబడి, "ఈవిడకెందుకంత కోపం?" అని అడిగాడు.

"ఓటు వెయ్యాలి అన్నందుకు జైల్లో పెట్టి కొట్టారు" అన్నాను.

వాడు కాస్త ఆలోచించాడు. "అయితే కోపం రావలసిందే" అని వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

మర్నాడు వేడ్ వాళ్ళ నాన్న బడికి ఫోన్ చేశాడు. ఆ వారంలోనే ఇంకెవరో ఇద్దరు చేశారట.

మిసెస్ ప్రూయిట్ నన్ను తన గదికి పిలిచింది. లెమ్యూల్ అప్పటికే అక్కడ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చెడ్డమనిషిలా ఏమీ ఉండదు. మెత్తగా మాట్లాడుతుంది, అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటుంది. ఎదురుగా నిలబడి కోపం తెచ్చుకోవడం కష్టం. ఆ రోజు ఆ కష్టం నాకు కలగలేదు.

"రోవీనా, మీ బొమ్మలు అద్భుతం. అది ముందే చెప్పేస్తున్నాను. ఒక చిన్న విషయం. పిల్లలకి వాళ్ళు కొంచెం... కటువుగా కనిపిస్తున్నారట."

"ఎవరు?"

"అందరూ కాదు. విమానం ఆవిడ బాగుంది. అంతరిక్షం ఆవిడ చాలా బాగుంది, చక్కగా నవ్వుతోంది. మిగతావాళ్ళ చూపులే గుచ్చుకుంటున్నాయంటున్నారు. ఆ హేమర్ గారు, వెల్స్ గారు, మన ఎర్లీన్ గారు. తీసెయ్యమని అనడం లేదు నేను. పెదాల దగ్గర చిన్న మార్పు చేస్తే చాలు."

"ఏం మార్పు?"

"కాస్త నవ్వు."

నేను లెమ్యూల్ వైపు చూశాను. అతను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాడు.

"ఆవిడని జైల్లో నేల మీద పడుకోబెట్టి కొట్టారండీ" అన్నాను. "ఏ భాగంలో నవ్వమంటారు?"

"చూశారా, ఈ ధోరణే నేనంటున్నది" అంది ప్రూయిట్, చాలా బాధగా. "పిల్లలు ఇక్కడికి సంతోషంగా ఉండటానికి వస్తారు."

"నా పిల్లలు సంతోషంగానే ఉన్నారు. ఫోన్లు చేసేది పిల్లలు కాదు."

లెమ్యూల్ గొంతు సవరించుకుని, "మేం మాట్లాడుకుని చెబుతాం" అన్నాడు. ఎవరా 'మేం' అని నాకు అప్పుడే అడగాలనిపించింది.

ఇంటికి వెళ్తూ కారులో అడిగాను.

"నాలుగు నెలలు" అన్నాడు లెమ్యూల్. "నాలుగు నెలలు ఓపిక పడితే ఆ గది మనది. అప్పుడు నీ ఇష్టం. గోడలన్నీ నింపు. పైకప్పు మీద కూడా వెయ్యి, నేనే నిచ్చెన పట్టుకుంటాను. ఇప్పుడు ఒక్క గీత కోసం అంతా చెడగొడతావా?"

"గీత అంటావేంటి? మీ అమ్మ నోరు అది."

"బొమ్మ రోవీనా. కాగితం మీద బొమ్మ."

"అయితే నీకెందుకంత భయం?"

"భయమా? పద్దెనిమిదేళ్ళు ఆ బడిలో అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక వెళ్ళాను. నాకంటే చిన్నవాళ్ళు నా నెత్తి మీద నుంచి పైకి వెళ్తుంటే చప్పట్లు కొట్టాను. దాన్ని భయం అనకు."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే గొడవ పెరగలేదు. "నేను మాత్రం గీయను" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆ వారాంతం సోమవారం కూడా సెలవు. మంగళవారం పొద్దున్న నా గది తలుపు తీసి దీపం వేశాను.

గోడ మీద అందరూ నవ్వుతున్నారు.

మొదట నేను వేరే గదిలోకి వచ్చానేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. అవి నా బొమ్మలే, నా రంగులే, కాకపోతే నున్నటి కాగితం మీద అచ్చేసినవి. నా అసలు బొమ్మలని ఫోటోలు తీసి, ఫోన్లో పిల్లలు ఆడుకునే ఏదో సరంజామాతో నోళ్ళు మార్చి, కొత్తగా అచ్చు వేయించి పెట్టారు. యంత్రం వేసిన నవ్వు. అందరికీ ఒకే నవ్వు, ఒకే పళ్ళ వరుస. చెట్లకి వేలాడినవాళ్ళ గురించి రాసిన ఐడా వెల్స్ టూత్‌పేస్టు ప్రకటనలోలా నవ్వుతోంది. హేమర్ కళ్ళలో నేను పెట్టిన తడి అలాగే ఉంది, కింద మాత్రం ముప్ఫైరెండు పళ్ళు. చివర మా అత్తగారు, పదిహేనేళ్ళ పిల్ల, పుస్తకాలు గుండెకి హత్తుకుని, చెవుల దాకా ఇకిలిస్తోంది. ప్రతి బొమ్మ కిందా నా పేరు ఉంది.

వరండాలో లెమ్యూల్ ఎదురొచ్చాడు. నా ముఖం చూడగానే చెయ్యెత్తాడు.

"ఒక్కటి కూడా గోడ దిగలేదు. అది చూడు ముందు. నీ అసలువి భద్రంగా నా కారులో ఉన్నాయి, దుప్పటి చుట్టి పెట్టాను. ఆవిడ తీయించేసేది రోవీనా. అన్నీ. నేను కాపాడాను."

"ఎవరిని?"

అప్పటికే గంట మోగింది, పిల్లలు వచ్చేస్తున్నారు. నేను గదిలోకి వెళ్ళి కత్తెర తీసుకుని, ప్రతి బొమ్మ కిందా ఉన్న నా పేరు కత్తిరించేశాను. పిల్లలు చూస్తూ ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. వేడ్ కూడా.

ఆ రాత్రి భోజనాల దగ్గర కెజయా మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ, "నానమ్మా, నువ్విప్పుడు బళ్ళో నవ్వుతున్నావు తెలుసా" అంది.

"ఏంటి?"

"నీ బొమ్మ. అందరూ నవ్వుతున్నారు. మిస్ హేమర్ కూడా."

మా అత్తగారు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు కొడుకు వైపు చూసింది. లెమ్యూల్ గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు, అందులో నీళ్ళు అయిపోయినా.

"శుక్రవారం ఏదో అమ్మమ్మలూ తాతయ్యలూ రావాలన్నారు కదూ మీ బడికి" అంది ఆవిడ కెజయాతో. "నేను వస్తాను."

అంతకుముందు ఏ ఏడూ ఆవిడ రాలేదు.

శుక్రవారం ఊదారంగు టోపీ పెట్టుకుంది, చర్చికి పెట్టుకునేది. బడి గుమ్మంలో ప్రూయిట్ నవ్వుతూ అందరి కోటుకీ పేరు చీటీ అంటిస్తోంది. మా అత్తగారు చీటీ అంటించుకుని, మర్యాదగా తలూపి, కెజయా చెయ్యి పట్టుకుని నా గదిలోకి వచ్చింది. గది నిండా పెద్దవాళ్ళు, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, చిన్న కుర్చీల్లో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నాలుగో తరగతి పిల్లలు తమ బొమ్మలు చూపిస్తున్నారు. లెమ్యూల్ తలుపు దగ్గర, ప్రూయిట్ పక్కన నిలబడ్డాడు.

"ఇదిగో నానమ్మా" అంది కెజయా.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ పిల్ల ఎవరు?"

"నువ్వే."

"కాదమ్మా. ఈ పిల్లని నేనెరగను. ఇన్ని పళ్ళు ఎక్కడివి దీనికి?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ వాళ్ళ వైపు తిరిగి, కథ చెప్పే ముసలమ్మలాగే తాపీగా చేతిసంచిలోంచి రుమాలు తీసింది. మరో చేత్తో పై వరుసలోంచి కట్టుడుపళ్ళు రెండు ఊడదీసి రుమాల్లో పెట్టి చూపించింది. పిల్లలు మూగారు. అంతకన్నా ఆసక్తి కలిగించేది ఆ రోజు వాళ్ళకి ఇంకేదీ లేదు.

"ఎలా ఊడాయి?" వేడ్ అడిగాడు.

"హైస్కూల్లో. ఆ ఫోటో తీయడానికి వారం ముందు. వరండాలో నా అరలోంచి లెక్కల పుస్తకం తీసుకుంటున్నాను. వెనకనుంచి ఒకబ్బాయి వచ్చి ఆ అర ఇనప తలుపు నా ముఖం మీదకి తోశాడు."

"పొరపాటునా?"

"రెండుసార్లు తోశాడు బాబూ."

గదిలో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. పళ్ళు లేకపోవడంతో ఆవిడ మాటలోంచి కొంచెం గాలి పోతోంది. అయినా ప్రతి ముక్కా వినిపిస్తోంది.

"మీ టీచర్‌కి చెప్పలేదా?" కెజయా అడిగింది.

"టీచరు అక్కడే ఉంది. వెళ్ళి ముఖం కడుక్కుని రా, గంట కొట్టేశారు అంది."

"మరి ఇంటికి వెళ్ళిపోలేదా?"

"ఎలా వెళ్తాను? లెక్కల పరీక్ష ఆ రోజు."

"ఎన్ని వచ్చాయి?" అన్నాడు వేడ్.

"అదీ అడగాల్సిన ప్రశ్న. తొంభై ఆరు."

వాడు తలూపాడు, మెచ్చుకుంటున్నట్టు. తర్వాత, "ఆ అబ్బాయి పేరేంటి?" అన్నాడు.

ఆవిడ ఆ చిన్న కుర్చీల్లో కూర్చున్న తన ఈడువాళ్ళ వైపు ఒకసారి చూసింది. తెల్లవాళ్ళు కొందరు తమ చేతులు చూసుకుంటున్నారు.

"పేరు తెలుసు. ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నాడు. మనవలు ఈ బళ్ళోనే చదువుతున్నారు. వాళ్ళు నన్నేం చేశారు గనక?" అని, మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. "తర్వాత వారం పత్రికాయన వచ్చాడు. నవ్వమ్మా, ఇక్కడంతా సజావుగా ఉందని పై ఊళ్ళవాళ్ళకి తెలియాలి అన్నాడు. ఆ ఏడాది వాళ్ళు చెయ్యమన్నవన్నీ చేశాను. వెనక బల్ల మీద కూర్చోమంటే కూర్చున్నాను. అందరూ తిన్నాక తినమంటే అప్పుడే తిన్నాను. ఆ ఒక్కటీ చెయ్యలేదు. ఇదిగో, ఇన్నేళ్ళకి నా చేత అదీ చేయించారు."

ముందుగా తేరుకున్నది ప్రూయిట్.

"ఎంత కదిలించే విషయం చెప్పారు మిస్ ఎర్లీన్. మీ అందరికీ భోజనాల హాల్లో కుకీలూ నిమ్మరసమూ పెట్టాం, పదండి, పిల్లలు దారి చూపిస్తారు."

మా అత్తగారు ఆమె వైపు చూడలేదు.

"లెమ్యూల్" అంది. "ఆ పిల్లని దింపు."

లెమ్యూల్ తలుపు దగ్గర నుంచి ఒక అడుగు వేశాడు. వేసి, ప్రూయిట్ వైపు చూశాడు. ఎంతసేపో కాదు, రెప్పపాటు. ఏదో పనికి అనుమతి అడిగే ఉద్యోగి ఎలా చూస్తాడో అలా.

వాళ్ళమ్మ ఆ చూపు చూసింది.

పళ్ళు మళ్ళీ పెట్టుకుంది. రుమాలు మడిచి సంచిలో వేసుకుంది. టోపీ సరిచేసుకుని, "వెళ్దాం కెజయా, నన్ను గుమ్మం దాకా దిగబెట్టు" అంది. లెమ్యూల్ "అమ్మా" అన్నాడు. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

నేను కుర్చీ ఎక్కి ఆ బొమ్మ దింపాను. నాలుగుగా చింపాను. పక్కనున్నది దింపాను. మూడోది దింపుతుండగా ప్రూయిట్ నా పేరు పిలిచింది, ఎప్పటిలాగే మెత్తగా. నేను వినిపించుకోలేదు.

సోమవారానికి గోడ మొత్తం ఖాళీ. నేను చింపనివి కూడా ఎవరో తీసేశారు. గోడల మీద పాఠాలకి సంబంధించినవే ఉండాలని పైనుంచి మాట వచ్చిందట. తోలు టోపీ బెస్సీ పోయింది. చక్కగా నవ్వుతోందన్న అంతరిక్షం ఆవిడా పోయింది. నవ్వని ముఖాలతో కదా వీళ్ళకి ఇబ్బంది? మరి నవ్విన ముఖాలు వీళ్ళనేం చేశాయి? నేను ఈ మాటే వెళ్ళి ప్రూయిట్‌ని అడిగాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు బొమ్మల తరగతి ఉండకపోవచ్చు, మీకు ముందే చెప్పడం న్యాయం అంది. న్యాయం అన్న మాట ఆమె నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ సాయంత్రం లెమ్యూల్ కారులోంచి దుప్పటి చుట్ట తెచ్చి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. అసలు బొమ్మలు, ఒక్క మూల కూడా నలగకుండా ఉన్నాయి. మా చర్చివాళ్ళు అడిగి తీసుకెళ్ళి హాల్లో పెట్టారు. అక్కడ పెద్దవాళ్ళం చూస్తున్నాం. చూడవలసినవాళ్ళు బళ్ళో ఉన్నారు.

ఇంట్లో మాత్రం ఆ మౌనం. నాకు లెమ్యూల్ మీద కోపం, అతని మీద జాలి, జాలిపడుతున్నందుకు నా మీద నాకు కోపం. అతను చిక్కిపోయాడు. రెండుసార్లు తల్లి గది తలుపు దగ్గర దాకా వెళ్ళి వెనక్కి రావడం చూశాను. ఒకసారి చర్చి నుంచి వస్తూ, "అమ్మ అడిగింది ఎంత చిన్న పని" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. నేను అవునన్నాను.

పెకాన్ చెట్లు చిగిర్చాక తరగతి ఫోటోల రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం నా గదికి నాలుగో తరగతి రాలేదు. ఫోటో ఆలస్యమవుతోంది అన్నారు. సంగతేమిటో రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. మా అత్తగారు పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి చేపముక్కలు వేయిస్తోంది. లెమ్యూల్ ఎవరినీ ఉద్దేశించకుండా, తన పళ్ళెంతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నాలుగో తరగతి పిల్లలు నవ్వలేదు. ఫోటో ఆయన 'చీజ్' అనండర్రా అన్నాడు. ఒక్కళ్ళూ అనలేదు. బాతులా అరిచాడు. గెంతాడు. తలకిందులుగా వంగి కాళ్ళ మధ్యలోంచి చూశాడు. అందరూ నోరు మూసుకుని సూటిగా కెమెరా వైపే చూస్తున్నారు. మనవాళ్ళూ, తెల్లపిల్లలూ, మెక్సికో పిల్లలూ, అందరూ. ఎవరు చెప్పారో మరి."

"ఎవరూ చెప్పలేదు" అంది కెజయా. "వేడ్ ముందు నవ్వనన్నాడు. తర్వాత అందరం అనుకున్నాం."

"ప్రూయిట్ వచ్చింది" అన్నాడు లెమ్యూల్. "నవ్వండి బంగారాలూ, మీ అమ్మానాన్నలు ఎంత మురిసిపోతారు అంది. ఊహూ. అప్పుడు నన్ను పిలిచింది. నువ్వు చెప్పు, నీ మాట వింటారు అంది."

నూనె చిటపటలాడుతోంది. మా అత్తగారి చెయ్యి ఆగింది.

"వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. కెజయా రెండో వరుసలో ఉంది. నా వైపే చూస్తోంది. పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు, నేనేమంటానో అని. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ దగ్గరికి తిరిగి వెళ్ళి, ఆ మాట నేను చెప్పనండీ అన్నాను."

మా అత్తగారు పొయ్యి తగ్గించి ఇటు తిరిగింది.

"చెప్పలేను అన్నావా, చెప్పను అన్నావా?"

ఇన్ని వారాల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది. లెమ్యూల్ తలెత్తాడు.

"చెప్పను అన్నాను."

ఆవిడ వచ్చి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు లెమ్యూల్. "నేనూ అదే హైస్కూల్లో చదివాను. అదే వరండా. రోజూ ఆ అరల ముందునుంచే నడిచాను."

"అందుకే చెప్పలేదు. తెలిస్తే ప్రతి తలుపు దగ్గరా తల వంచుకుని నడుస్తావని. నువ్వు తలెత్తుకు తిరగాలని నోరు మూసుకున్నాను. వంచుకోవడం నీ అంతట నువ్వే నేర్చుకుంటావని నాకేం తెలుసు?"

ఆవిడ చెయ్యి చాచి అతని పళ్ళెంలోకి ఇంకో చేపముక్క వేసింది.

"ఆ ఫోటో వచ్చాక నాకొకటి తెచ్చిపెట్టు" అంది. "తిను, చల్లారిపోతోంది."

జూన్‌లో ఆ కుర్చీ పక్క జిల్లా నుంచి వచ్చిన ఒకాయనకి ఇచ్చారు. లెమ్యూల్‌ని బడి బస్సుల ఆఫీసుకి మార్చారు. అక్కడ గోడలు లేవు, రేకుల షెడ్డు. అతను పొద్దున్నే వెళ్ళి చీకటి పడకముందే ఇంటికి వస్తున్నాడు. వాళ్ళమ్మతో అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాడు, ఎక్కువగా ఆ హైస్కూలు గురించే. ఆవిడ ఒక్కోటీ చెబుతోంది. కొన్ని విన్న రోజున అతను అన్నం తినడు.

నాలుగో తరగతి పిల్లలకి ఆ ఫోటోల రోజు మర్నాడే మళ్ళీ ఫోటో తీయించారు. మళ్ళీ అంతే. మూడోసారి ప్రయత్నించలేదు. రెండు ఫోటోల్లో ఒక్కటీ ఎవరి ఇంటికీ రాలేదు. తల్లిదండ్రులు అడిగితే కెమెరాలో ఏదో లోపం అన్నారు. బడి ఆఖరి రోజున పంచిపెట్టిన వార్షిక సంచికలో మిగతా తరగతులన్నీ పళ్ళు కనబడేలా నవ్వుతూ ఉన్నాయి. కెజయా వాళ్ళ పేజీ తిప్పితే బడి భవనం ఫోటో ఉంది, ఎర్ర ఇటుకల గోడ, మూసిన తలుపు, మనిషన్నవాడు లేడు. దాని కింద మాత్రం ముందు వరుస, మధ్య వరుస, వెనక వరుస అని పిల్లలందరి పేర్లూ అచ్చువేశారు.